మ్యూజియం మన ఊరికి వస్తే



నా చిన్నతనంలో తలుపులమ్మ లోవ తీర్థానికి బయోస్కోపు పెట్టె మనిషి ఒకడు వచ్చేవాడు. మూడుకాళ్ళ పీట మీద రేకుపెట్టె పెట్టి, కాశీ చూపిస్తాను, ఢిల్లీ చూపిస్తాను అని గంట వాయిస్తూ పిలిచేవాడు. పిల్లలం పోటీపడి ఆ గాజుకన్నాలకు కళ్ళు ఆనించేవాళ్ళం. ఒకసారి మా అమ్మమ్మ కూడా కొంగు సర్దుకుని వంగి చూసింది. అటు అన్నవరం, ఇటు పాయకరావుపేట తప్ప ఆవిడ ఎరిగిన ఊళ్ళు లేవు. తాజ్‌మహలు బొమ్మ వచ్చినప్పుడు, "ఇంత పెద్ద ఇంట్లో వంటిల్లు ఎటువైపే?" అని అడిగింది. అందరం నవ్వాం. కాని ఇప్పుడు తలుచుకుంటే అది నవ్వాల్సిన మాట కాదనిపిస్తుంది. ఒక కట్టడాన్ని చూసి, అందులో మనుషులు ఎలా బతుకుతారని అడిగింది ఆవిడ. అంతకన్న మంచి ప్రశ్న ఏముంది?

బయోస్కోపు పెట్టె చేసిన పనినే పెద్ద ఎత్తున, శ్రద్ధగా చేసే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్నే సంచార ప్రదర్శన అంటారు. మ్యూజియంవాళ్ళు ఒక విషయం మీద ఫొటోలూ, పటాలూ, నమూనాలూ ఎంచి, వాటికి వివరాలు రాయించి, పెట్టెల్లో సర్ది పెడతారు. కావలసిన ఊరివాళ్ళు అరువు అడిగి తెప్పించుకుంటారు, కొన్ని వారాలు ప్రదర్శించి తిరిగి పంపేస్తారు. గ్రంథాలయంలో పుస్తకం అరువు తెచ్చుకున్నట్టే. ఇలా అరువిచ్చే ప్రదర్శనల జాబితాల్లో ఐరోపాలోని చిన్న దేశం చెక్ దేశానివి కూడా కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు: ఆ దేశపు ఫొటోగ్రఫీ, ఆ దేశపు వాస్తుకళ. తునిలో కూర్చున్న మనకు చెక్ దేశపు ఇళ్ళతో పనేమిటి అంటారా? అదే ఈవేళ చెప్పబోతున్నాను.

ముందు ఈ తిరిగే ప్రదర్శనల సంగతి. బొమ్మను మనిషి దగ్గరికి తీసుకువెళ్ళడం మనకు కొత్తేమీ కాదు. తెలంగాణలో చేర్యాల పటాలు చుట్టగా చుట్టి భుజాన వేసుకుని, ఊరూరా విప్పి కథ చెప్పేవాళ్ళు. తోలుబొమ్మలవాళ్ళు బళ్ళమీద బొమ్మల పెట్టెలతో తిరిగేవాళ్ళు. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన మన తెలుగువాడు రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతాల్లో క్రోనోమెగాఫోను అనే యంత్రం తెప్పించి, ఊళ్ళు తిరుగుతూ కదిలే బొమ్మలు చూపించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయమే నడిపారు. కాలువగట్టున రేవుకు వెళ్ళిన ఆడవాళ్ళ చేతికి పుస్తకం అందాలంటే పుస్తకమే రేవుకు రావాలని ఆ పెద్దలు గ్రహించారు.

లండనులో ఈనాడు విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియం అని పిలిచే సంస్థ పందొమ్మిదవ శతాబ్దం నడుమనుంచే తన వస్తువులను చిన్న ఊళ్ళకు పంపుతూ వచ్చింది. అందుకని ప్రత్యేకంగా పెట్టిన శాఖను ఖర్చులు తగ్గించుకోవడానికి 1977లో మూసేశారు. న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం 1955లో "మానవ కుటుంబం" అనే ఫొటో ప్రదర్శన తయారుచేసింది. 68 దేశాల నుంచి ఏరిన 503 ఫొటోలు. దానికి నకళ్ళు తీసి ప్రపంచమంతా తిప్పారు. 1956, 57 సంవత్సరాల్లో అది మన దేశానికీ వచ్చింది. బొంబాయి చూసింది, ఢిల్లీ చూసింది, కలకత్తా, మద్రాసు చూశాయి. కలకత్తాకూ మద్రాసుకూ మధ్య రైలుదారిలోనే మనమున్నాం. అయినా ఆ పెట్టెలు తుని స్టేషనులో దిగలేదు. మన దేశంలో కలకత్తా బిర్లా మ్యూజియంవాళ్ళు 1965లో బస్సులో సైన్సు ప్రదర్శన పెట్టి పల్లెలకు పంపడం మొదలుపెట్టారు. 2007లో సైన్సు ఎక్స్‌ప్రెస్ పేరుతో ఏకంగా రైలునే ప్రదర్శనశాల చేసి పదేళ్ళు దేశమంతా నడిపారు. అంటే దారి ఉంది. కోరుకునేవాళ్ళు కావాలి.

ఇక చెక్ దేశం మాట. ఇది 1918లో చెకొస్లొవేకియాగా ఏర్పడింది. 1993 జనవరి 1న చెక్, స్లొవాక్ దేశాలుగా విడిపోయింది. ప్రాగ్ దాని రాజధాని. మనకు తెలియని దేశం అనుకుంటాం గాని, తెలియకుండానే దానితో మనకు చాలా చుట్టరికం ఉంది. పిల్లవాడి బడి తెరిచే ముందు బూట్లు కొనడానికి వెళ్ళే బాటా షాపు, ఆ దేశంలోని జ్లీన్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టే కుటుంబంవాళ్ళు పెట్టిన కంపెనీ. విశాఖపట్నంలో 1966లో వచ్చిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ కర్మాగారం చెకొస్లొవేకియా సాంకేతిక సహకారంతో వచ్చినదే. తుని నుంచి వెళ్ళి అక్కడ ఉద్యోగాలు చేసినవాళ్ళు మీ ఇళ్ళలోనే ఉండవచ్చు.

అన్నిటికన్న దగ్గరి చుట్టరికం ఇంకొకటి ఉంది. పాండిచ్చేరిలో, ఇప్పుడు పుదుచ్చేరి అంటున్నాం, ఒక చెక్ వాస్తుశిల్పి గీసిన ఇల్లు ఉంది. దాని పేరు గోల్కొండ. ఫ్రెంచివాళ్ళ ఉచ్చారణలో "గోల్‌కోంద్" అంటారు. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఆ ఫ్రెంచివాళ్ళ పాలనలోదే కనుక పాండిచ్చేరి మనకు బొత్తిగా పరాయి ఊరు కాదు.

ఆ పేరు ఎలా వచ్చిందో వినండి. 1930 దశకంలో అరవిందాశ్రమంలో సాధకులు ఉండడానికి ఒక వసతిగృహం కట్టాలనుకున్నారు. హైదరాబాదు సంస్థానపు దివాను సర్ అక్బర్ హైదరీగారి ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం వచ్చింది. ఆ రోజుల్లో లక్ష అంటే మాటలా! గోల్కొండ సీమ నుంచి వచ్చిన ధనం కనుక ఆశ్రమ మాత ఆ ఇంటికి గోల్కొండ అని పేరు పెట్టారు.

ఆ ఇల్లు గీసినాయన ఆంటొనీన్ రేమండ్. 1888లో బొహీమియాలోని క్లాద్నో అనే ఊళ్ళో పుట్టాడు. అమెరికా వెళ్ళి ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరుగన్న వాస్తుశిల్పి దగ్గర పనిచేశాడు. ఆయన హోటలు పని మీద 1919లో టోక్యో చేరి, అక్కడే సొంత కార్యాలయం పెట్టుకున్నాడు. భార్య నోయెమీ కూడా రూపశిల్పి. గుడ్డల మీద డిజైన్లు, ఇంటిలోపలి సామాను ఆవిడ చేతిపని. చరిత్ర పుస్తకాలలో చాలాకాలం ఆయన పేరు ముందుండి ఆవిడ పేరు వెనక ఉండిపోయింది. 2006లో అమెరికాలోనూ, తరవాత జపానులోనూ తిరిగిన ఒక సంచార ప్రదర్శన మాత్రం ఇద్దరి పేర్లూ పక్కపక్కన పెట్టింది. చూశారా, ఒక ప్రదర్శన ఇలాంటి న్యాయం కూడా చేయగలదు.

ఇంటి పని 1937లో మొదలయింది. దగ్గరుండి కట్టించడానికి రేమండ్ తన దగ్గరి యువకులిద్దరిని పంపాడు. ఒకడు ఫ్రాంటిషెక్ సామర్. ప్ల్జెన్ ఊరి చెక్ యువకుడు, పారిస్‌లో లె కార్బుసియే దగ్గర పని నేర్చినవాడు. రెండోవాడు జార్జ్ నకషిమా. జపాను తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టినవాడు. 1938లో రేమండ్ దంపతులే వచ్చి కొన్ని నెలలుండి పని చూశారు. చెక్ దేశస్థుడి గీత, నిజాం సొమ్ము, జపాను అమెరికనుడి చేతి బల్లలు, ఫ్రెంచి పాలనలోని నేల. ఒక్క ఇంట్లో ఇన్ని దేశాలు!

ఇప్పుడు మా అమ్మమ్మ ప్రశ్న అడుగుదాం. ఆ ఇంట్లో మనుషులు ఎలా ఉంటారు? పాండిచ్చేరిది మనలాంటి సముద్రపు గాలి, మనలాంటి చెమట, మనలాంటి ఎండ. అందుకని ఇంటిని తూర్పు పడమరలుగా పొడుగ్గా పెట్టారు. ఉత్తరం, దక్షిణం గోడలుండవలసిన చోట వరసగా కాంక్రీటు రంగు పలకలు, మన పాత ఇళ్ళ రెక్కల కిటికీల వంటివి. తిప్పితే తెరుచుకుంటాయి, తిప్పితే మూసుకుంటాయి. వాన వస్తే మూయవచ్చు, గాలి కావాలంటే గోడ గోడంతా తెరవవచ్చు. గదుల తలుపులు టేకువి, పక్కకు జరిగేవి. మూసి ఉన్నా సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది, లోపలివాళ్ళు బయటికి కనిపించరు. పైన రెండు కప్పులు. కాంక్రీటు కప్పు మీద వంపుతిరిగిన పెంకుల వరస, మధ్యలో గాలి. ఎండ పై పెంకు దగ్గరే ఆగిపోతుంది. ఇక నేల మీద పరిచినది మన కడప నల్లరాయి. మధ్యాహ్నం కాలు పెడితే చల్లగా ఉంటుందని మనలో ఎవరికి తెలియదు?

ఆడవాళ్ళం చెవిపెట్టి వినవలసిన సంగతి ఇంకొకటి ఉంది. తలుపులకూ పలకలకూ పిడులు, గడియలు, బందులు కావాలి. బయటినుంచి తెప్పించుకునే రోజులు కావవి. 1939లో యుద్ధం వచ్చాక ఇనుమూ ఇత్తడీ దొరకడమే కష్టమయింది. అప్పుడు ఆశ్రమంవాళ్ళు తమ ఇళ్ళలోని ఇత్తడి సామాను తెచ్చి ఇచ్చారు. దాన్ని అక్కడికక్కడే కరిగించి పోతపోసి పిడులు, గడియలు చేసుకున్నారు. ఇత్తడి బిందె అంటే మనకేమిటో నేను చెప్పాలా? పుట్టింటివారు పేరు చెక్కించి ఇచ్చిన బిందె. దాన్ని కరగబోయడానికి ఇవ్వాలంటే ఆ ఇల్లు తనదే అనుకోవాలి. వాస్తుకళ పుస్తకాల్లో రేమండ్ పేరు ఉంటుంది, సామర్ పేరు ఉంటుంది. ఆ గడియ పట్టుకుని తలుపు తీసేటప్పుడు మాత్రం చేతికి తగిలేది ఎవరో ఇచ్చిన చెంబే.

ఆ మనుషులంతా తరవాత ఏమయ్యారు? సామర్ యుద్ధకాలంలో సైన్యంలో చేరి వెళ్ళి, యుద్ధం ముగిశాక స్వదేశం చేరాడు. నకషిమా అమెరికా తిరిగి వెళితే, జపాను రక్తమన్న ఒక్క కారణానికి 1942లో భార్యతో, పసిబిడ్డతో నిర్బంధ శిబిరంలో పెట్టారు. రేమండే పూనుకుని 1943లో అతన్ని విడిపించి తన పొలానికి తెచ్చుకున్నాడు. నకషిమా తరవాత కొయ్యసామాను తయారీలో ప్రపంచంలోనే పేరు పొందాడు. ఇల్లు మాత్రం ఇప్పటికీ ఉంది. మన దేశంలో కట్టిన తొలి ఆధునిక కాంక్రీటు భవనాలలో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు.

చెక్ వాస్తుకళలో చెప్పుకోదగ్గ ఇంకొక చోటు జ్లీన్. బాటా కంపెనీవాళ్ళు అక్కడ ఊరు ఊరంతా ఒక కొలత మీద కట్టారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 6.15 మీటర్లు. ఫ్యాక్టరీకీ అదే, బడికీ అదే, ఆస్పత్రికీ అదే. పనివాళ్ళకు ఎర్ర ఇటుక ఇళ్ళు, చుట్టూ పచ్చిక. 1938లో కట్టిన పదహారంతస్తుల కార్యాలయంలో యజమాని గది లిఫ్టులో ఉంటుంది! బల్ల, కుర్చీ, చేతులు కడుక్కునే తొట్టితో సహా ఏ అంతస్తుకైనా గదే వెళుతుంది. గుమాస్తాల గుండెలు ఎలా కొట్టుకునేవో ఊహించుకోండి. అదే నమూనాలో 1934లో కలకత్తా దగ్గర బాటానగర్ వెలిసింది.

ఇక ఫొటోగ్రఫీ. ముగ్గురి గురించే చెపుతాను.

యోసెఫ్ సుదెక్‌కు మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయింది. ఒంటిచేత్తో బరువైన పాతకాలపు కెమెరా మోసుకుంటూ ప్రాగ్ వీధులన్నీ తీశాడు. జర్మన్లు దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో బయట తీయడం కష్టమయితే, తన గది కిటికీనే తీశాడు. ఆవిరి పట్టిన అద్దం, గట్టుమీద గ్లాసు, బయట వంకర చెట్టు. ఇంట్లోంచి బయటకు వెళ్ళలేనివాడికి కిటికీ ఎంత ప్రపంచమో మనకు వేరే చెప్పనక్కరలేదు. 1976లో చనిపోయాడు.

మార్కెటా లుస్కచోవా 1944లో పుట్టింది. 1960 దశకంలో స్లొవేకియా కొండల్లో కాలినడకన యాత్రలు చేసే పల్లెవాళ్ళను ఫొటోలు తీసింది. ముసుగులు కప్పుకున్న ముసలమ్మలు, అలిసి గడ్డిలో నిద్రపోయేవాళ్ళు. అప్పటి ప్రభుత్వానికి దైవభక్తి గిట్టేది కాదు. అయినా ఆ జనం నడిచారు, ఈమె తీసింది. కార్తీకమాసంలో అన్నవరం మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకునే మన పెద్దవాళ్ళను ఎవరైనా అంత ఆదరంగా తీశారా అని నాకనిపిస్తుంది.

మూడోవాడు యోసెఫ్ కౌదెల్కా. 1968 ఆగస్టు 21 నాటికి తెల్లవారేసరికి సోవియట్ నాయకత్వంలోని సైన్యాలు ట్యాంకులతో ప్రాగ్‌లో దిగాయి. ఇతను వీధుల్లో పడి వారం రోజులు ఫొటోలు తీశాడు. ఆ ఫిలిములు రహస్యంగా దేశం దాటాయి. 1969లో పత్రికల్లో అచ్చయ్యాయి. పేరు లేదు, "ప్రాగ్ ఫొటోగ్రాఫరు" అని మాత్రమే. పేరు బయటపడితే ఊళ్ళో ఉన్న తండ్రికి ప్రమాదం. తండ్రి పోయిన తరవాత, 1984లో గాని అవి తనవని చెప్పుకోలేదు. పదిహేనేళ్ళు! మనం తీసిన ముగ్గు బాగుందని పక్కింటావిడ అనకపోతేనే మనకు ఆ పూట అన్నం సహించదు.

ఫొటోల విషయంలో మనం తీసిపోయినవాళ్ళం కాము. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలు నిర్భయంగా ఫొటో తీయించుకునేందుకు ఒక ఇంగ్లీషు ఫొటోగ్రాఫరమ్మను అక్కడ నియమించారు. నూట ముప్ఫై ఏళ్ళ కిందటే మన ఆడవాళ్ళు తమ రూపం తాము చూసుకోవాలనుకున్నారు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. మా మామగారి తమ్ముడికి ఫొటోల పిచ్చి ఉండేది. ఆయన పోయాక అటకమీద గాజుపలకల పెట్టె ఒకటి దొరికింది. వెలుతురుకి పట్టి చూస్తే నల్లగా, తిరగబడినట్టు మనుషులు కనిపించేవారు. అవేమిటో నాకు తెలియలేదు, అడుగుదామని తోచలేదు. మంచి అద్దాలు వృథా ఎందుకని వేడినీళ్ళు, సోడా పోసి పీచుపెట్టి తోమేశాను. దేవుడి పటాలకు అద్దాలు వేయించాను. పొదుపరినని నలుగురూ మెచ్చుకున్నారు కూడా. తరవాత చాలా ఏళ్ళకు, ఫొటోల గురించి ఒక పుస్తకం చదువుతుంటే, అవి నెగెటివులని తెలిసింది. ఆ పలకల మీద మా అత్తగారి పెళ్ళి ఉందో, ఏ తాండవ నది వరద ఉందో, పాత బజారు ఉందో ఎవరూ చెప్పలేరు. పటాలు ఇప్పటికీ పూజగదిలో ఉన్నాయి. అద్దాలు తళతళ మెరుస్తుంటాయి. పాండిచ్చేరిలోవాళ్ళు తెలిసి ఇత్తడి కరిగించి ఒక ఇల్లు నిలబెట్టారు. నేను తెలియక తోమి ఒక ఊరి జ్ఞాపకాన్ని కడిగేశాను. నాకు పదేళ్ళ వయసులో ఒక్క ఫొటో ప్రదర్శన తునికి వచ్చి ఉంటే, నెగెటివు అంటే ఇది అని ఎవరో ఒకరు చూపించి ఉంటే, ఆ పెట్టె ఈనాటికీ అటకమీద భద్రంగా ఉండేది.

అందుకే అంటున్నాను, ఇలాంటివి మన ఊళ్ళకు రావాలి. తెప్పించుకోవడం అంత కష్టమూ కాదు. అరువిచ్చే సంస్థలు ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగుతాయి. గోడ ఎన్ని మీటర్లుంది? తాళం వేస్తారా, కాపలా ఉందా? గోడకు చెమ్మ ఉందా? ఎండ నేరుగా పడుతుందా? రవాణా ఖర్చు, బీమా ఎవరు పెట్టుకుంటారు? పెట్టె విప్పగానే ప్రతి బొమ్మనూ చూసి, ఎక్కడ గీత ఉంది, ఎక్కడ మరక ఉంది అని రాసుకోవాలి. తిరిగి సర్దేటప్పుడు మళ్ళీ సరిచూడాలి. పెళ్ళికి అరువు తెచ్చిన గిన్నెలు లెక్కపెట్టి తిరిగి ఇచ్చే మనకు ఇది రాని విద్య కాదు.

అసలు ఫొటోలు కావాలని పట్టుబట్టనక్కరలేదు. పాత ఫొటోలకు వెలుతురూ పడదు, తేమా పడదు. తుని తమలపాకు సంగతి మనకు తెలుసు గదా, తడి ఎక్కువైతే కుళ్ళుతుంది, తక్కువైతే వాడుతుంది. ఫొటో కూడా అంతే సుకుమారం. మన సముద్రపు గాలికి బూజు పట్టిస్తే ఆ పాపం మనది. అందుకని అట్టల మీద అచ్చువేసిన నకళ్ళు అడగాలి. ఇప్పుడు కొన్ని ప్రదర్శనలను కంప్యూటరు ద్వారా పంపితే, అనుమతితో ఇక్కడే అచ్చువేయించుకునే వీలు కూడా ఉంది. పెట్టెల ఖర్చే ఉండదు. సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపల పెట్టుకుంటే గాలి పొడిగా ఉంటుంది, పరీక్షల హడావిడికి ముందు పిల్లలూ వస్తారు. బడి హాలు చాలు. వివరాలు మాత్రం తెలుగులో రాయించాలి. ఆ పని మహిళా మండలివాళ్ళు తీసుకుంటే, ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా అర్థమయ్యే తెలుగు వస్తుంది.

ఒక్క మనవి. వచ్చిన బొమ్మల ఎదురుగోడ ఒకటి ఖాళీగా ఉంచండి. ఊళ్ళోవాళ్ళను తమ ఇంటి పాత ఫొటో ఒక్కటి తెచ్చి అక్కడ పెట్టమనండి. వెనకవైపు పెన్సిలుతో మెల్లగా, అందులో ఉన్నది ఎవరో, ఏ ఊరో, ఏ ఏడో రాయించండి. ఇటు ప్రాగ్ వీధి, అటు తుని వీధి. ఇటు సుదెక్ కిటికీ, అటు మన వీధరుగు. ఫొటో ఎలా దాచాలో తెలిసినవాళ్ళ చేత నాలుగు మాటలు చెప్పించండి.

ఈవేళ ఇంటిపని అయ్యాక ఒకసారి అటక చూడండి. గాజుపలకలు కనిపిస్తే నీళ్ళు తగలనివ్వకండి. అంచులు మాత్రమే పట్టుకుని, ఒక్కొక్కదానికీ తెల్ల కాగితం చుట్టి, నిలువుగా నిలబెట్టి దాచండి. అందులో ఎవరున్నారో తెలిసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఇంకా ఉంటే, రేపటిదాకా ఆగకండి, ఈ సాయంత్రమే అడగండి.